తడి చెత్త, పొడి చెత్త, పరాయి చెత్త

అమెరికావాడి పని అమెరికావాడే చేసుకోనక్కర్లేదని లోకానికి చాటిన ఊరు బెంగళూరు. ఆ విద్యతోనే మనం ఇక్కడ ఫ్లాట్లు కొన్నాం, కార్లు కొన్నాం, కుందలహళ్లి దగ్గర ట్రాఫిక్‌లో ఆ కార్లలో కూర్చుని తల నెరిపించుకుంటున్నాం. అన్నం పెట్టిన విద్యను ఆఫీసులోనే వదిలేసి ఇంటికి రావడం కృతఘ్నత. అందుకే చెత్త తగ్గించడం, నీళ్లు ఆదా చేయడం అనే పుణ్యకార్యాలను కూడా ఇక్కడి తెలుగు కుటుంబాలు అదే పద్ధతిలో నడుపుతున్నాయి. సంకల్పం మనది, చాకిరీ ఇంకొకరిది. ఈ ఏర్పాటును చూసి కొందరు గిట్టనివాళ్లు నవ్వుతున్నారు. దాన్ని సమర్థిస్తూ నాలుగు మాటలు రాయడం నా విధి.

ముందు చెత్త. 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఊరందరికీ ఒక లెక్క చెప్పింది: రెండు బుట్టలు, ఒక సంచి. ఆకుపచ్చ బుట్టలో వంటింటి తడి చెత్త, ఎర్ర బుట్టలో డైపర్లు, ప్యాడ్ల వంటివి, సంచిలో కాగితం, ప్లాస్టిక్, సీసాలు. ఎంసెట్ ర్యాంకులు కొట్టి వచ్చిన బుర్రలకు మూడు గడులు ఒక లెక్కా? అయినా ఇన్నేళ్లకూ పట్టుబడలేదంటే అందులో మనకు అందని లోతేదో ఉండి తీరాలి. ఉదాహరణకు పెరుగు ప్యాకెట్. లోపల అంటుకున్న పెరుగును బట్టి అది తడి. ఒంటిని బట్టి ప్లాస్టిక్, కనుక పొడి. కడిగి, ఆరబెట్టి, పొడి సంచిలో వేయాలన్నది నియమం. మరి కడిగేదెవరు? వేదాంతం ఇక్కడ ఆగుతుంది, పనమ్మాయి ప్రవేశిస్తుంది.

"మా ఇంట్లో సెగ్రిగేషన్ పక్కాగా చేస్తామండీ" అని చెప్పుకునే గృహస్థులు నాకు చాలామంది తెలుసు. వాళ్లను ఎర్ర బుట్ట ఎక్కడుందో మాత్రం అడక్కూడదు. పనమ్మాయి పండక్కి ఊరెళితే ఆ ఇంటి సెగ్రిగేషన్ కూడా ఆమెతోపాటే బస్సెక్కుతుంది.

ఆమె వేరుచేయకపోతే కింద చెత్త ఆటో దగ్గర పౌరకార్మికురాలు, అంటే పారిశుద్ధ్య కార్మికురాలు, వేరుచేస్తుంది, చేత్తో. ఇక్కడ తెలుగువాడు గర్వించాల్సిన సంగతి ఒకటుంది. బెంగళూరు పౌరకార్మికుల్లో చాలామంది ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. తరాల క్రితం ఆంధ్ర వైపు నుంచి వచ్చిన దళిత కుటుంబాలు వాళ్లవి. ఉగాదికి అసోసియేషన్ హాల్లో 'ఇక్కడున్న తెలుగువాళ్లమంతా' అని మైకు పట్టుకున్నప్పుడు ఆ 'అంతా'లో వాళ్లెందుకు ఉండరో కమిటీ ఇంకా వివరణ ఇవ్వలేదు. "కవర్లో గాజు పెంకులున్నాయి సార్, చెయ్యి తెగింది, కాయితంలో చుట్టి ఇయ్యండి" అని ఆమె మన భాషలోనే అంటుంది. మనవాడు వెంటనే స్పందిస్తాడు: "సారీ, ఐ విల్ టెల్ మై మెయిడ్." క్షమాపణ మనది, దిద్దుబాటు మెయిడ్‌ది. ఎక్కడా పద్ధతి తప్పలేదు.

వేరుచేయని చెత్త తర్వాత ఎక్కడికి పోతుంది? ఇదివరకు ఊరి శివార్లలోని మావళ్లిపురకు పోయేది. అక్కడి పల్లె జనం నీళ్లు పాడయ్యాయని, కంపు భరించలేమని తిరగబడితే 2012లో ఆగింది. మండూరు మిగిలింది. వాళ్లూ లారీలకు అడ్డంపడితే 2014 చివర్లో అదీ మూతపడింది. మన చెత్తను ఉంచుకునే పల్లెలు కరువవుతున్నాయి. కస్టమర్ తృప్తి అనే మాట పల్లెటూళ్లకు ఇంకా చేరినట్టు లేదు.

ఇళ్ల ముందుకు ఆటో వచ్చే వేళకు లేవలేనివాళ్ల కోసం నల్ల కవరు పద్ధతి ఉంది. తెల్లవారుజామున స్కూటర్ మీద, హెల్మెట్ పెట్టుకుని (మామూలుగా పెట్టుకోనివాళ్లు కూడా ఈ ఒక్క ప్రయాణానికి పెట్టుకుంటారు), ఖాళీ సైటు పక్కన వేగం తగ్గించి వదిలేయడం. 2025 అక్టోబరులో నగరపాలక యంత్రాంగం దీనికి అడ్డుతగిలింది. చెత్త పారేస్తున్నవాళ్లను వీడియో తీసి, ఇల్లు పట్టుకుని, వాళ్ల గుమ్మం ముందే చెత్త కుమ్మరించి జరిమానా వేసింది. దానికి 'కస సురియువ హబ్బ' అని పేరు, అంటే చెత్త పోసే పండగ. అవుట్‌సోర్స్ చేసిన పనిని ఇలా తిప్పి పంపడం పరిశ్రమ మర్యాదలకు విరుద్ధమని మనవి.

ఇంటి చెత్తలో సగానికి పైగా తడి చెత్తే కాబట్టి, దాన్ని ఇంట్లోనే ఎరువు చేసుకుంటే సమస్య సగం తీరుతుందని జ్ఞానులు చెబుతారు. నిజమే. బాల్కనీలో మట్టి కుండలు పెట్టుకుని, కూరగాయల తొక్కలు వేసి, పైన కొబ్బరి పీచు పొడో ఎండుటాకులో చల్లి, కాస్త పుల్ల మజ్జిగ పోసి, అప్పుడప్పుడూ కలుపుతూ ఉంటే నెలన్నర, రెండు నెలల్లో నల్లటి ఎరువు తయారవుతుంది. కంపు కొడితే తడి ఎక్కువైందని అర్థం, ఇంకొంచెం పొడి వేయాలి. అంతే శాస్త్రం. అల్లుడుగారు కుండలు తెప్పించి, లింక్డ్‌ఇన్‌లో ఫొటో పెట్టి, 'సస్టెయినబిలిటీలో నా ప్రస్థానం' అని రాసుకుంటారు. కలిపేది ఒంగోలు నుంచి మనవడి కోసం వచ్చిన అత్తగారు. ఆవిడకు ఆరు నెలల తర్వాత బెంగ పుట్టి రైలెక్కితే కుండల్లో పురుగులు పడతాయి. "ఏమండీ, మీ ప్రస్థానం వాసనొస్తోంది" అని భార్య అనేదాకా అల్లుడుగారికి ఆ దిక్కు వెళ్లాల్సిన అవసరం రాదు.

ఇక నీళ్లు. కావేరి మన కుళాయికి చేరాలంటే దాదాపు 100 కిలోమీటర్లు రావాలి. దారిలో మోటార్లతో ఎత్తిపోసుకుంటూ సుమారు 500 మీటర్ల ఎత్తు ఎక్కించాలి. ఇంత కష్టపడి కొండెక్కిన నదికి మనం ఇచ్చే మర్యాద కారు కడగడం. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయినప్పుడు జలమండలి తాగునీటితో కార్లు కడిగితే, మొక్కలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అంది. కుళాయిలకు ఏరేటర్లు బిగించమని కూడా అంది. మామూలు కుళాయి నిమిషానికి పది లీటర్లకు పైగా వదిలితే, మంచి ఏరేటర్ గాలి కలిపి మూడు నాలుగు లీటర్లతో సరిపెడుతుంది. బిగించాం. వానలు పడగానే ఊడదీశాం. గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు నీళ్లు సన్నగా రావడం వంశానికే అవమానమట. కాలవ గట్టున పుట్టిన చేతులు నురగతో కడుక్కుంటే శుభ్రపడవని ఒక పెద్దాయన సర్వసభ్య సమావేశంలో కంటనీరు పెట్టుకున్నారు. ఆ కన్నీటికి ఏరేటర్ లేదు.

తాగే నీటి ఆర్వో యంత్రం లీటరు మంచినీళ్లిచ్చి రెండు మూడు లీటర్లు తూములోకి వదులుతుంది. ఆ గొట్టం కింద బకెట్ పెడితే ఇల్లు తుడవడానికి సరిపోతుంది. చాలా ఇళ్లలో పెట్టారు కూడా. బకెట్ మోసేదెవరో మళ్లీ చెప్పాలా?

వాన లెక్క ఇంకా ముచ్చటైనది. బెంగళూరులో ఏటా 950 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురుస్తుంది. 30-40 సైటు మీద, అంటే 1,200 చదరపు అడుగుల మీద, పడేది సుమారు లక్ష లీటర్లు. 12,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది, ఉచితంగా, డాబా మీదికే డెలివరీ. పట్టుకోమని 2009 నుంచి చట్టం ఉంది. దాన్ని రాజకాలువలోకి, అంటే వాననీటి కాలువలోకి, వదిలేసి, మార్చి నెలలో ట్యాంకరువాడికి "అన్నా, ఇవాళైనా పంపు" అని ఫోన్ చేస్తాం. నేలలోకి ఇంకే గుంత తవ్వడానికి అభ్యంతరం లేదు గానీ, తవ్వాల్సిన చోట ఒకరి రెండో కారు ఉంటుంది.

అయితే ఈ సిద్ధాంతానికి ఒక్క మినహాయింపు కనబడింది, దాచడం న్యాయం కాదు. కరెంటు. కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద ఇంటి పాత సగటు వాడకానికి కాస్త అదనం దాకా, నెలకు 200 యూనిట్లకు మించకుండా, కరెంటు ఉచితం. 200 దాటితే బిల్లు మొత్తం కట్టాలి. అది మొదలైన 2023 నుంచి మధ్యతరగతి ఇళ్లలో చూడండి. మీటరు రీడింగ్ తేదీ దగ్గరపడితే గీజర్ చన్నీళ్లిస్తుంది. ఏసీ 24 దగ్గర బుద్ధిగా కూర్చుంటుంది. ఎన్నడూ స్విచ్చి ముట్టనాయన ప్రతి గదికీ వెళ్లి ఫ్యాన్ కట్టేసి వస్తాడు, పనమ్మాయి కోసం ఆగకుండా. 199వ యూనిట్ దగ్గర మనిషికి భూగోళం గుర్తొస్తుంది.

ఇది గమనించిన ఓ కుర్రాడు మా అపార్ట్‌మెంట్‌లో ప్రమాదకరమైన ప్రతిపాదన తెచ్చాడు. నీళ్లకూ ఫ్లాటుకో మీటరు పెడదామన్నాడు. ఇప్పుడు ట్యాంకర్ల ఖర్చు చదరపు అడుగుల లెక్కన అందరికీ పంచుతున్నారు. అంటే నేను టబ్బు నింపుకుని జలకాలాడితే ఎదురింటాయనా డబ్బు కడతాడు, ఆయన రోజూ కారు కడిగితే నేనూ కడతాను. అన్యోన్యత అంటే ఇదీ. మీటర్లొస్తే ఎవరి నీళ్లు వాళ్లవే అయిపోయి, పొరుగువాళ్ల మధ్య బంధాలు తెగుతాయని మెజారిటీ సభ్యులు ఆవేదన చెందారు. ప్రతిపాదన వాయిదా పడింది. దాని బదులు లిఫ్టులో 'నీటిని కాపాడండి' అని బోర్డు పెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. బోర్డు కన్నడ, ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంది, తెలుగు లేదని మనవాళ్లు అభ్యంతరం చెప్పారు. దాని మీద ఉపసంఘం వేశాం. నివేదిక రాయడానికి బయటి ఏజెన్సీ నుంచి కొటేషన్లు పిలిచాం.