నీళ్లు మరిచి బయల్దేరిన ఓడ

ప్రయాణాల్లో తాళం చెవి మరిచిపోయేవాళ్లుంటారు, కళ్లజోడు మరిచిపోయేవాళ్లుంటారు. తెరచాపల కాలం నాటి యుద్ధనౌకను అంతరిక్షంలోకి ఎక్కించే రచయితలు మాత్రం ఏకంగా సముద్రాన్నే మరిచిపోతారు.

పాపం, మిగతా సామానంతా జాగ్రత్తగానే సర్దుకుంటారు. తెరచాప స్తంభాలు మూడు, ఫిరంగులు ఇన్ని, నీలం కోటు కెప్టెన్ ఒకరు, అధికారి పని నేర్చుకునే పదమూడేళ్ల మిడ్‌షిప్‌మన్ ఒకడు, డెక్కు మీద అటూ ఇటూ పచార్లు. అన్నీ లెక్క చూసుకుని పైకి మోస్తారు. నీళ్లొక్కటే, పైన వాటితో పనేముందని కింద వదిలేస్తారు. మొత్తం ఓడలో జీతం బత్తెం లేకుండా ఎక్కువ చాకిరీ చేసింది ఆ నీళ్లేనని మూడో పేజీలో తెలుస్తుంది.

ఓడ పెద్దదే తీసుకుందాం. 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ దగ్గర జరిగిన సముద్ర యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళపతి నెల్సన్ ఎక్కిన విక్టరీ లాంటిది: 104 ఫిరంగులు, 820 మంది మనుషులు, దగ్గర దగ్గర 3,500 టన్నుల బరువు. దానికో గట్టి రాకెట్ ఇంజన్ బిగించి, మార్స్ దరిదాపుల్లో వదులుదాం. ఎదురుగా శత్రు నౌక వస్తోంది. రెండూ సెకనుకు 10 కిలోమీటర్ల చొప్పున దగ్గరవుతున్నాయి. ఆకాశంలో ఇది జోరు కాదు, నడకే.

కెప్టెన్‌గారు దుర్భిణి దించి, నింపాదిగా, "వేగం తగ్గించండి. పక్కకి చేరి పలకరిద్దాం" అన్నారు.

"చిత్తం కెప్టెన్‌గారూ. 17 నిమిషాలు పడుతుంది" అన్నాడు సరంగు.

"ఎందుకు?"

"భూమ్మీద మన బరువెంతో అంత తోపుతో ఇంజన్ కాల్చినా, ఈ వేగం చావడానికి అంతసేపు కావాలండి. ఈలోపు ఇంకో 5,100 కిలోమీటర్లు దగ్గరకెళ్లిపోతాం. ఆయన 500 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు."

సముద్రం మీద అయితే తెరచాపలు దించేస్తే చాలు, నీళ్లే పట్టుకుని ఆపేవి. ఇక్కడ పట్టుకునేవాడు లేడు. ఇంధనం కాల్చి ఎంత వేగం పెంచామో, తగ్గించడానికీ అంత వేగాన్నీ మళ్లీ ఇంధనం పోసి కొనుక్కోవాలి.

"పోనీ చుక్కాని కుడికి తిప్పండి" అన్నారు కెప్టెన్‌గారు. తిప్పారు. చుక్కానికి ఓడ ఉలకలేదు, పలకలేదు. గ్యాస్ గొట్టాలు ఊదితే తల తిప్పుకుంది గానీ దారి తిప్పుకోలేదు. వీధిలో ఎవరో పిలిస్తే వెనక్కి చూస్తూ ముందుకి నడిచే మనిషిలా పక్కవాటుగా సాగిపోతూనే ఉంది. చుక్కాని పలకకు ఒరుసుకుపోయే నీళ్లుంటేనే మలుపు. ఇక్కడ చిన్న చిన్న గ్యాస్ గొట్టాలు ఊది ఓడను తిప్పొచ్చు, కానీ తిరుగుడు మొదలయ్యాక దాన్ని ఆపడానికి రెండోవైపు గొట్టాలు మళ్లీ ఊదాలి. మొదటిసారి ఈ సంగతి మరిచిపోయి ఓడ రెండు చుట్లు తిరిగింది. మిడ్‌షిప్‌మన్‌కి వాంతి అయింది. బరువు లేని చోట వాంతి ఎటు పోతుందో వర్ణించి మీ భోజనం పాడుచెయ్యను.

తెరచాపల సంగతి చూద్దాం, కథంతా వాటికోసమే కదా. ఆకాశపు గాలికి తగ్గ తెరచాపలు కడితే ఓడలు నడుస్తాయని 1610లోనే ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ గెలీలియోకి రాశాడు. ఆ మాట నిజమే. వెలుతురు నెడుతుంది. 2010లో జపాన్ వాళ్లు ఇకారోస్ అనే వ్యోమనౌకతో చేసి చూపించారు కూడా: భుజం 14 మీటర్లున్న చదరపు తెర, మందం మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఏడున్నర. అయితే ఆ నెట్టుడు ఏపాటిది? భూమి దగ్గర, ఒక చదరపు కిలోమీటరు అద్దం లాంటి తెరచాప కడితే దాని మీద పడే తోపు మొత్తం 9 న్యూటన్లు. కిలో ఉప్పు పొట్లం అరచేతిలో పెట్టుకుంటే అంతకంటే ఎక్కువే నొక్కుతుంది. మన 3,500 టన్నుల ఓడకు అది కట్టి ఒక రోజంతా ఓపిక పడితే సెకనుకు 22 సెంటీమీటర్ల వేగం పెరుగుతుంది. పసిపిల్లలు దోగాడే వేగం. మార్స్ దగ్గర అందులో సగం కూడా రాదు.

ఎదురుగాలికి వంకర టింకరగా పోయే విద్య ఉందే, అదీ నీళ్ల పుణ్యమే. గాలి పక్కకి తోస్తున్నా ఓడ పక్కకి జారిపోకుండా అడుగున నీళ్లు అడ్డం పడతాయి కాబట్టి పాతకాలపు చదరపు తెరచాపల ఓడ గాలి వచ్చే దిక్కుకి 67 డిగ్రీల దాకా దగ్గరగా పోగలిగేది. సూర్యుడికి ఎదురెళ్లడానికి మాత్రం వేరే కిటుకుంది. తెరను ఏటవాలుగా పెట్టి, ఓడ కక్ష్యలో తిరిగే వేగాన్నే కొంచెం కొంచెంగా తగ్గించాలి. తగ్గిన మేరకు సూర్యుడే లోపలికి లాక్కుంటాడు. నెలలు పడుతుంది. కెప్టెన్‌గారికి నెలలు లేవు, శత్రువు చేరడానికి ఇంకో 20 సెకన్లుంది.

"ఫిరంగులు సిద్ధం!" అన్నారాయన. ఈ విషయంలో మాత్రం రచయితకి అదృష్టం కలిసొచ్చింది. గాలి లేనిచోట తుపాకి మందు పేలదని చాలామంది అనుకుంటారు, పేలుతుంది. మందులో మూడు వంతులు ఉండే సురేకారమే ఆక్సిజన్ మోసుకొస్తుంది. చిక్కల్లా టైముతోనే. ఫిరంగి 10 కిలోమీటర్లు కొడుతుందనుకున్నా, ఆ వేగంతో దూసుకుపోయే ఓడ మన అందుబాటులో ఉండేది రెండే సెకన్లు. "కాల్చండి" అనడంలో "కా" ఇటువైపు, "ల్చండి" అటువైపు. తర్వాతి గుండు కూరడానికి ఆ కాలపు మంచి ఫిరంగిదళానికైనా ఒకటిన్నర నిమిషం కావాలి. అప్పటికి శత్రువు 900 కిలోమీటర్ల అవతల ఉంటాడు, చెయ్యి ఊపినా కనపడదు.

పేలిన గుండ్లు ఊరికే పోలేదు. ఒక పక్క ఫిరంగులన్నీ కలిసి అర టన్ను ఇనుమును సెకనుకు 450 మీటర్ల వేగంతో విసిరితే, వెనక్కి తన్నే ఫిరంగిని మోకులు పట్టుకుంటాయి. ఓడను ఎవరు పట్టుకుంటారు? కింద అయితే నీళ్లు. ఇక్కడ ఓడ సెకనుకు 6 సెంటీమీటర్ల చొప్పున పక్కకి జరగడం మొదలుపెట్టింది. పెద్ద విషయం కాదనిపిస్తుంది. ఎవరూ ఆపకపోతే మర్నాటికి 5 కిలోమీటర్ల పైచిలుకు. పైగా మూడు డెక్కుల ఫిరంగుల తన్ను ఓడ గరిమనాభికి సరిగ్గా ఎదురుగా పడకపోతే, ఓడ గానుగెద్దులా తిరుగుతుంది. నవ్వుకోవడానికేం లేదు. 1974లో సోవియట్ వాళ్లు పైకి పంపిన సాల్యూత్-3 అంతరిక్ష కేంద్రానికి నిజంగానే తుపాకీ ఉండేది. గురి చూడాలంటే కేంద్రం మొత్తాన్నీ తిప్పాల్సిందే. 1975 జనవరిలో దాన్ని కాల్చి చూసింది కూడా లోపల మనిషన్నవాడు లేనప్పుడే.

నీళ్లతో పని లేకుండా చక్కగా పైకొచ్చిన సరుకు ఒకటుంది: ఆలస్యం. ఈ రెండు కాలాలనూ ముడిపెట్టడానికి అసలు కారణం అదేనని నా లెక్క. ట్రఫాల్గర్ కబురు లండన్ చేరింది నవంబరు 6న. 1814 డిసెంబరు 24న బ్రిటన్, అమెరికాల సంధి మీద సంతకాలయ్యాక కూడా, కబురు అందక, 1815 జనవరి 8న న్యూ ఆర్లియన్స్ దగ్గర రెండు సైన్యాలు కొట్టుకున్నాయి. మార్స్ నుంచి భూమికి మాట చేరాలంటే 3 నుంచి 22 నిమిషాలు, జవాబుకి మళ్లీ అంత. కొంప మునిగేటప్పుడు పైవాళ్లని అడిగే వీల్లేదు, కెప్టెనే దేవుడు.

ఆ దేవుడికి ఇప్పుడు చెమటలు పడుతున్నాయి. రెండు ఓడలూ వెనక్కి మళ్లి, ఒకదాన్నొకటి వెతుక్కుని, చివరికి పక్కపక్కన చేరేసరికి అరపూట పట్టింది. వేడిని పీల్చుకోవడానికి చుట్టూ సముద్రం లేదు కాబట్టి, మనుషుల వేడిని బయట పరిచిన రేడియేటర్ పలకలే వెదజల్లాలి. గది వేడి దగ్గర చదరపు మీటరుకి ఒక ముఖం నుంచి పోయేది 460 వాట్లు. మనిషికి 100 వాట్ల చొప్పున 820 మందికే 180 చదరపు మీటర్ల దాకా కావాలి, దీపాలూ పంపులూ లెక్కలో చేర్చకుండా. ఇంజన్లవి వేరే, అవి ఎర్రగా కాలుతుంటాయి. మనుషులవి మాత్రం ఎండ పీల్చకుండా తెల్లగా ఉంటాయి. లోపల సన్నటి గొట్టాలు, ఒక్క గుండు తగిలితే ఖతం. అందుకని యుద్ధానికి ముందు అన్నీ మడిచి లోపలికి లాగేశారు.

అటువాళ్లూ లాగేశారు. ఇక ఎవరు ముందు ఉడికిపోతారన్నదే యుద్ధం. కెప్టెన్‌గారు బొత్తాలు ఒక్కొక్కటే విప్పారు. బంగారు భుజకీర్తులున్న ఉన్ని కోటు తీసి సరంగు చేతికిచ్చారు. గంట గడిచింది. మిడ్‌షిప్‌మన్ సొమ్మసిల్లి మధ్యలో తేలుతున్నాడు.

"ఇక పరవండయ్యా" అన్నారాయన నీరసంగా.

180 చదరపు మీటర్ల తెల్లటి పలకలు నెమ్మదిగా విచ్చుకున్నాయి. సరిగ్గా అదే క్షణంలో ఎదుటి ఓడ మీదా తెల్లటి పలకలు విచ్చుకున్నాయి.

"తెల్లజెండా ఎత్తారండీ!" అని సరంగు గావుకేక పెట్టాడు. అటునుంచీ అలాంటి కేకే పడి ఉంటుంది, గాలి లేదు కాబట్టి వినపడలేదు. కెప్టెన్‌గారు కోటు తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని, శత్రువు లొంగిపోయాడని పైవాళ్లకి నివేదిక రాయడానికి కూర్చున్నారు. అటువైపు ఆయన అప్పటికే రెండో పేజీలో ఉన్నాడు.