2.4 గిగాహెర్ట్జ్ పోరంబోకు వారికి ఒక శ్రోత మొర

మహారాజశ్రీ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల వారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీవైపు అంతా కుశలమేనని, కొత్తగా ఇంకో పదిమంది చుట్టాలు దిగారని మా స్పీకరు రోజూ గరగరమంటూ చెబుతూనే ఉంది. కుశలం లేనిది మావైపే.

నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు మాది. పోయిన దసరాకి బ్లూటూత్ సౌండ్‌బార్ కొన్నాను. "వైర్ల గొడవే ఉండదు సార్" అన్నాడు షాపు కుర్రాడు. అబద్ధం చెప్పలేదు పాపం. ఇప్పుడున్నదంతా వైర్లు లేని గొడవే.

పొద్దున ఏడున్నరకి కాఫీ గ్లాసుతో కూర్చుని నాదస్వరం పెట్టుకుంటాను. కృతి హాయిగా సాగుతుంటుంది. మంచి సంగతి పడబోయే చోట సరిగ్గా ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయి, ఒక ఆవర్తం అవతల మళ్ళీ తేలుతుంది. మా మామగారు నాలుగు రోజులు ఓపిగ్గా విని, "ఈయనకి దమ్ము తక్కువలా ఉంది అల్లుడుగారూ" అని విద్వాంసుడి మీద తీర్పు చెప్పేశారు. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. వాళ్ళ వైద్యంలో జ్వరానికీ అదే మందు, విరిగిన కాలికీ అదే మందు.

దాంతో మీ పుట్టుపూర్వోత్తరాలు తవ్వాల్సి వచ్చింది. టెలికాం కంపెనీలు వేలంలో వేల కోట్లు పోసి కొనుక్కునే తరంగాలున్నాయే, అవి పట్టా భూములు. అక్కడ గట్టు దాటితే కేసు. మీరేమో పోరంబోకు. 1947లో అంతర్జాతీయ సమావేశంలో మిమ్మల్ని పరిశ్రమల యంత్రాలకూ వైద్య పరికరాలకూ వదిలేశారు. 1985లో అమెరికా వాళ్ళు లైసెన్సు లేకుండా రేడియో పరికరాలు కూడా వాడుకోవచ్చన్నారు. 2005లో మన దేశమూ సరేనంది. మొత్తం స్థలం 2400 మెగాహెర్ట్జ్ (అంటే మీ 2.4 గిగాహెర్ట్జే) నుంచి 2483.5 దాకా, పట్టుమని 84 కూడా లేదు. అందులోనే వైఫై పక్కా ఇళ్ళు కట్టేసుకుంది, బ్లూటూత్ తోపుడు బండి పెట్టుకుంది, వైర్‌లెస్ మౌసులూ డ్రోన్లూ సందుల్లో దూరాయి. ఇక్కడి చట్టం చాలా అందమైనది: నువ్వు ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు, నిన్నెవరైనా ఇబ్బంది పెడితే అడగకూడదు. ఇంకెవరినీ అడిగే వీల్లేదు కాబట్టే ఈ ఉత్తరం నేరుగా మీకు రాస్తున్నాను.

అసలు దొంగను పట్టుకుంది నా భార్య. "మా అమ్మ ఓవెన్లో పాలు వేడి చేసినప్పుడే మీ పాట ఆగుతోంది, చూశారా?" అంది. నమ్మలేదు. ఓవెన్లో కప్పు నీళ్ళు పెట్టి రెండు నిమిషాలు తిప్పాను. నాదస్వరం చచ్చింది. ఆపాను, బతికింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ చచ్చింది. మా మామగారు విద్వాంసుడికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నారు, పైకి మాత్రం చెప్పలేదు.

మైక్రోవేవ్ ఓవెన్ కూడా మీ చుట్టమేనని అప్పుడు తెలిసింది. 2450 మెగాహెర్ట్జ్, అంటే మీ పోరంబోకు నడిబొడ్డు. పెట్టెలోపల 800 వాట్లు. నా ఫోన్లో బ్లూటూత్ గొంతు మహా అయితే 2.5 మిల్లీవాట్లు. తలుపు సందులోంచి బయటపడే పిసరంత మనిషికి ప్రమాదం కాదు, ఆ హద్దుల్లోనే తయారుచేస్తారు. బ్లూటూత్‌కి మాత్రం అది పెళ్ళి ఊరేగింపులో డప్పుల పక్కన గుసగుసలాడటమే. పైగా మా ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతరకం. కరెంటు లయకి తగ్గట్టు సెకనుకు 50 సార్లు అరిచి, 50 సార్లు ఊపిరి పీల్చుకుంటుంది. తాళజ్ఞానం ఉందని ఒప్పుకోవాలి.

బ్లూటూత్ అమాయకురాలేమీ కాదు. మీ స్థలాన్ని 79 గళ్ళు చేసుకుని, వాటిలో సెకనుకు 1600 సార్లు తొక్కుడుబిళ్ళ ఆడుతూ తప్పించుకు తిరుగుతుంది. రద్దీగా ఉన్న గళ్ళను గుర్తుపెట్టుకుని వదిలేసే తెలివి కూడా 2003లో అబ్బింది. కానీ ఏ గడిలో కాలు పెట్టినా ఎవరో ఒకరు కూర్చునుంటే ఏం చేస్తుంది? ఫోన్లో చూస్తే మా హాల్లోకి 23 వైఫైలు తొంగిచూస్తున్నాయి. మీ స్థలంలో వైఫై నంబర్లు వేసుకున్న వాటాలే ఛానెళ్ళు. 1, 6, 11 ఛానెళ్ళలో ఉన్నవాళ్ళు ఒకరినొకరు తగలకుండా మర్యాదగా సర్దుకుంటారు. ఎవరో మహానుభావుడు 4లో కూర్చున్నాడు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రెండు సీట్లకీ కలిపి ఒకే తువ్వాలు పరిచే రకం. 1 వాడికీ సుఖం లేదు, 6 వాడికీ లేదు. అపార్ట్‌మెంటు సెక్రటరీకి మొరపెట్టుకుంటే, "ఛానెళ్ళ సంగతైతే కేబుల్ అబ్బాయిని అడగండి" అన్నారు.

నా తప్పులూ ఉన్నాయి, దాచను. మా వైఫై రౌటర్ ఇనప బీరువాకీ చేపల తొట్టికీ మధ్య పెట్టాను. మీ తరంగాలు ఇనుముని దాటలేవు, నీళ్ళు కనబడితే తాగేస్తాయో, నీళ్ళే వాటిని తాగేస్తాయో గానీ అవతలికి సగం కూడా చేరవు. దాన్ని అక్కణ్ణుంచి తీసి, 5 గిగాహెర్ట్జ్ అనే వేరే వీధికి మార్చి, సౌండ్‌బార్‌కి దూరంగా గోడకెక్కించాను. లాప్‌టాప్‌కి గుచ్చిన యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ కూడా మీ వీధిలోకే రొద చిమ్ముతుందని తెలిసి, మూరెడు కేబుల్ పెట్టి పక్కకి జరిపాను. రోజంతా బాగానే ఉంది. ఏడున్నర మాత్రం ఏడున్నరే. అత్తగారి పాలు ఆపమని చెప్పే ధైర్యం నాకు లేదు, మీకున్నా మీరు చెప్పరు.

చివరికి నిన్న కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి మూడు మీటర్ల వైరు కొనుక్కొచ్చి, ఒక కొస ఫోన్లో, ఇంకో కొస సౌండ్‌బార్‌లో గుచ్చాను. ఈ ఉదయం కృతి మొదలు నుంచి మంగళం దాకా ఒక్క సంగతి జారలేదు. మామగారు వైరు తట్టుకుని ఒకసారి తూలారు, అంతే.

ఇట్లు,
మీ ఖాతాలోంచి తప్పుకున్న ఒక శ్రోత

తా.క. మా వంటింటికీ పక్క ఫ్లాటు హాలుకీ ఒకటే గోడ. వాళ్ళూ ఈ మధ్యే కొత్త స్పీకరు కొన్నారట. ఇందాక లిఫ్టులో ఆయన, "ఏమండీ, రోజూ పొద్దున ఏడున్నరకి మీ ఇంట్లో ఏమైనా ఆన్ చేస్తారా?" అని అడిగారు. నాదస్వరం అని చెప్పాను.