స్పానింగ్ ట్రీ ఆపేయమనే సలహా వినకండి

మన నల్లగొండ, పాలమూరు వైపు కెమెరాలు, నెట్‌వర్కులు బిగించేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. స్పానింగ్ ట్రీ అంటే నెట్‌వర్కులో లూపు, అంటే డేటా గుండ్రంగా తిరిగే దారి, పడకుండా అదనపు దారిని మూసి ఉంచే ఏర్పాటు. అందుకోసం స్విచ్‌లు పంపుకునే సందేశాలే బీపీడీయూలు. చిన్న సైట్లకు స్పానింగ్ ట్రీ దండగ, దాంతో పోర్టు లేవడం ఆలస్యం, బీపీడీయూ రాగానే పోర్టును మూసే బీపీడీయూ గార్డ్ పెడితే పోర్టులు ఊరికే పడిపోతాయి, బీపీడీయూలను ఆపేసే ఫిల్టర్ పెట్టి వదిలేయండి అని దాని సారాంశం. కొత్తగా పనిలోకి వచ్చే పిల్లలు నమ్మి పాటిస్తున్నారు, అందుకే రాస్తున్నాను.

చిన్న సైటులో లూపు పడదా? మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లునే తీసుకోండి. ఆఫీసులో ఒక స్విచ్, కాటా గదిలో ఒకటి, గోదాములో ఒకటి. వేలాడుతున్న కేబుల్ చూసి ఎవరో ఖాళీ పోర్టులో గుచ్చేస్తారు. రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంటుంది. ఐపీ ప్యాకెట్‌కు ఉన్నట్టు ఈథర్‌నెట్ ఫ్రేముకు టీటీఎల్ (ఇన్ని మజిలీలు దాటాక ప్యాకెట్ ఆగిపోవాలనే లెక్క) లేదు. అందరికీ పోయే ఫ్రేము, అంటే బ్రాడ్‌కాస్ట్, ఒక్కటి చాలు, కేబుల్ పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది, కొత్తవి వచ్చి చేరుతుంటాయి. స్విచ్ లైట్లన్నీ ఒక్కసారే టపటపా కొట్టుకుంటాయి, కెమెరాలు ఆగిపోతాయి, కాటా చీటీ రాదు. సీజన్‌లో గేటు బయట వడ్ల లారీలు బారు కట్టి ఉంటాయి.

ఆలస్యం మాట స్పానింగ్ ట్రీ పాత రకం 802.1డి వరకు నిజమే. పోర్టు తెరుచుకునే ముందు రెండు దశలు దాటాలి: లిజనింగ్‌కు 15 సెకన్లు, లెర్నింగ్‌కు మరో 15. కంప్యూటర్, కెమెరా తగిలే పోర్టుకు ఆ దశలు దాటేసి వెంటనే తెరిచే పోర్ట్‌ఫాస్ట్ పెడితే ఆ బాధ తీరుతుంది.

పోర్టు ఊరికే పడిపోదు. పోర్ట్‌ఫాస్ట్ ఉన్న పోర్టులోకి బీపీడీయూ వచ్చిందంటే అవతల ఎవరో స్విచ్ తగిలించారు, లేదా మనం పంపిందే తిరిగొచ్చింది. అప్పుడు మూసేయడమే గార్డ్ పని. మళ్లీ లేపే ముందు ఆ కేబుల్ ఎటు పోయిందో చూడండి. ఫిల్టర్ దీనికి పూర్తిగా ఉల్టా. ఇంటర్‌ఫేస్ మీద పెడితే ఆ పోర్టు బీపీడీయూ పంపదు, వచ్చినా పట్టించుకోదు. లూపు పడితే చెప్పే దిక్కుండదు. సిస్కోలో ఒకే పోర్టు మీద రెండూ పెడితే ఫిల్టర్‌దే పైచేయి, గార్డ్ ఉన్నా లేనట్టే. మెసేజ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇదే.

గార్డ్‌కూ హద్దుంది. టేబుల్ కింద పెట్టే కొన్ని చవక స్విచ్‌లు బీపీడీయూను మింగేస్తాయి. అందుకే బ్రాడ్‌కాస్ట్‌లు హద్దు మీరితే ఆపే స్టార్మ్ కంట్రోల్ కూడా పెట్టాలి.

రూట్, అంటే స్పానింగ్ ట్రీ దారులన్నిటికీ మూలంగా ఎంచుకునే స్విచ్, దాని సంగతి ఆ మెసేజ్‌లో అసలే లేదు. స్విచ్‌లన్నీ మామూలుగా 32768 ప్రయారిటీతోనే వస్తాయి; ఈ అంకె తక్కువున్నదే రూట్. అన్నీ సమానమైతే తక్కువ మ్యాక్ (స్విచ్ సొంత హార్డ్‌వేర్ అడ్రసు) ఉన్నది రూట్ అవుతుంది, అది ఎక్కడో మూలనున్న పాత స్విచ్ కావచ్చు. మెయిన్ స్విచ్‌కు 4096 ఇచ్చి, కిందికి పోయే పోర్టులకు వేరే స్విచ్ రూట్ కాకుండా అడ్డుకునే రూట్ గార్డ్ పెట్టండి. కాలేజీల్లో బ్లాకుల మధ్య ఫైబర్ ఉంటే, ఒక్క పోగు తెగినా స్పానింగ్ ట్రీ మూసి ఉంచిన పోర్టు బీపీడీయూ వినపడక తెరుచుకోవచ్చు, లూపు పడొచ్చు. అలాంటి లింకులకు బీపీడీయూ ఆగిపోయినా పోర్టును మూసే ఉంచే లూప్ గార్డ్ పెట్టాలి.