టీకా నిల్వలు ఒక్కటే చాలవు
రేబిస్ మరణాలు ఆగాలంటే ఆసుపత్రుల్లో టీకా నిల్వలు పెంచితే చాలని ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. నిల్వలు ఉండాల్సిందే, కాదనను. కానీ అది కుక్క కరిచాక చేసే పని. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల నుంచే వస్తున్నప్పుడు జాతీయ ప్రణాళికలో ముందుండాల్సింది కుక్కల టీకాయే. ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకు టీకా పడితేనే వైరస్ వ్యాప్తి ఆగుతుంది. అదీ ఒకసారి వేసి వదిలేస్తే కుదరదు, కొత్త కుక్కపిల్లలు పుడుతూనే ఉంటాయి కదా. మెక్సికో ఏళ్ల తరబడి విడవకుండా ఇదే పని చేసింది. కుక్కల ద్వారా వచ్చే రేబిస్ మరణాలను నిర్మూలించిన తొలి దేశంగా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. ఇంకో విషయం, పిల్లలు. మా అక్క కొడుకు, కుక్కపిల్ల గోరు గీరుకుంటే ఇంట్లో తిడతారని రెండు రోజులు పొడుగు చేతుల చొక్కా వేసుకుని తిరిగాడు. స్నానం చేయించేటప్పుడు మోచేతి కింద ఎర్రటి గీత, దానిమీద ఎండిన రక్తం చూసి అక్కకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వెంటనే తీసుకెళ్లి టీకాలన్నీ వేయించాం, బాగానే ఉన్నాడు. ఆసుపత్రిలో టీకా ఉన్నా, వాడు నోరు విప్పకపోతే ఏం లాభం? చిన్న గీత పడినా పెద్దవాళ్లకు చెప్పాలని, వెంటనే సబ్బుతో 15 నిమిషాలు కడగాలని బడిలో ఎవరైనా చెప్పి ఉంటే వాడు దాచేవాడు కాదు. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకని జబ్బు ఇది. ఆ రెండు రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.