భక్తి సరే, రశీదులో ఏం రాశారు?

ఆధ్యాత్మిక వాతావరణంలో ప్రశాంతమైన విశ్రాంత జీవనం. ఈ మాట ఇప్పుడు ఆశ్రమాల కరపత్రాల్లోనూ ఉంది, వెంచర్ల బ్రోచర్లలోనూ ఉంది. మధ్యలో గుడో, ధ్యాన మందిరమో, చర్చో. చుట్టూ గదులు, వేళకు భోజనం, పొద్దున సుప్రభాతం, సాయంత్రం భజన. పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో స్థిరపడిన నెల్లూరు రిటైర్డ్ టీచరుకు, బిట్రగుంట రైల్వే పెన్షనరుకు, ఒంగోలు బ్యాంకు ఉద్యోగికి ఇంతకంటే ఏం కావాలి? వీటి మీద నాకు కోపం లేదు. ఇంకా రావాలి అనేవాళ్లలో నేనూ ఒకడిని. ఒక్క విషయంలో మాత్రం రాజీ పడను. పెద్దవాళ్ల దగ్గర జీవితకాలపు సంపాదన తీసుకునేటప్పుడు ఏ దేవుడి పేరు చెప్పినా సరే, షరతులు కాగితం మీద రాసి ఇవ్వాలి. సేవ చేస్తున్నాం కదా అని ఆ కాగితం ఎగ్గొట్టడానికి వీల్లేదు.

వృద్ధాశ్రమం అనగానే కొడుకులు, కోడళ్ల కఠినత్వం గురించి ఏడవడం మనకు అలవాటు. ఆ ఏడుపుతో ఒరిగేది ఏమీ లేదు. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవాళ్లు 10 కోట్లకు పైగా ఉన్నారు. 2036కి ఆ సంఖ్య 22 కోట్లు దాటుతుందని కేంద్రం నియమించిన నిపుణుల బృందమే అంచనా వేసింది. మన రాష్ట్రంలో సగటున ఒక స్త్రీ కనే పిల్లల సంఖ్య 1.7కు పడిపోయింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024లో ఎత్తేశారు, ఇంకా కనండి అని వేదికల మీద చెబుతున్నారు. కనవచ్చు. ఈ రోజు పుట్టిన బిడ్డ సంపాదనలో పడేసరికి ఇప్పటి డెబ్భై ఐదేళ్ల పెద్దాయన ఎక్కడుంటాడు? ఆయనకు కావాల్సింది ఈ నెలలోనే ఒక చోటు.

ఆ చోటు మతం చుట్టూ ఏర్పడడంలో వింతేమీ లేదు. పొద్దున్నే లేవడానికి ఒక కారణం, తన కీర్తనలు తెలిసిన మనిషి పక్కన, చనిపోతే తన ఆచారం ప్రకారం సాగనంపుతారన్న ధీమా అపార్ట్‌మెంటులో దొరకవు. వెంకటాచలం మండలం గొలగమూడిలో వెంకయ్యస్వామి 1982లో సమాధి చెందారు. ఇప్పటికీ శనివారం రాత్రి అక్కడ నిద్ర చేయడానికి జనం వస్తూనే ఉన్నారు. ఏ బ్రోచరూ పుట్టించలేని ఆకర్షణ అది.

ఒంగోలు వైపు కథ నాకు ఇంకా ఇష్టం. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర దానం పంచి ఊరుకోలేదు. బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇచ్చాడు. అన్నం కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలైలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మతమార్పిడి మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. నాకు ఇక్కడ కనిపించేది వేరే. ఆయన దయకు సర్కారుతో రాసుకున్న కాంట్రాక్టు ఉంది, తవ్వినదానికి కొలత ఉంది, కూలికి లెక్క ఉంది.

ఇప్పుడు మన దగ్గర ఒక ఆశ్రమం పుట్టి పెరిగే తీరు చూడండి. ఊరి చివర ఎవరో భక్తుడు ఎకరమో రెండెకరాలో ఇస్తాడు. ముందు మందిరం లేస్తుంది, తర్వాత రేకుల షెడ్డు. దిక్కులేని పదిమంది పెద్దవాళ్లు చేరతారు. పెళ్లిరోజులు, పుట్టినరోజులు, తద్దినాలు అక్కడ జరుపుకునేవాళ్లు బియ్యం మూటలతో వస్తారు. వీడియోలు తిరుగుతాయి. ఎన్నారై ఒకాయన తల్లి పేరు మీద గది కట్టించి గోడకు ఫలకం పెట్టిస్తాడు. ఇంతవరకు డబ్బు పెట్టేది బయటివాళ్లు, ఉండేది పేదవాళ్లు. గొడవ లేదు. ఆ తర్వాతే కథ మారుతుంది. కాస్త స్తోమత ఉన్న పెద్దవాళ్లు వచ్చి, "మాకూ ఒక గది ఇవ్వండి స్వామీ, డబ్బు కడతాం" అంటారు. గదులు పెరుగుతాయి, ఏసీలు వస్తాయి, లిఫ్టు వస్తుంది. ఉండేవాళ్లే డబ్బు పెట్టేవాళ్లయ్యాక అది ధర్మసత్రం కాదు, లావాదేవీ. కానీ నడిపేవాళ్లూ, చేరేవాళ్లూ దాన్ని లావాదేవీ అని ఒప్పుకోరు. అలా అనుకోవడమే తప్పన్నట్టు ఉంటారు.

నోటితో డిపాజిట్ అంటారు, రశీదులో విరాళం అని రాస్తారు. ఈ తేడా చిన్నది కాదు. విరాళం అంటే ఇచ్చేసినట్టే, తిరిగి అడిగే హక్కు లేదు. దానికి విరాళాలిచ్చేవాళ్లకు దొరికే ఆదాయపు పన్ను మినహాయింపు కూడా తీసుకుంటే, నేనేమీ ఆశించకుండా ఇచ్చాను అని ఇచ్చినవాళ్లే సంతకం పెట్టినట్టు. ఆరు నెలలకు అక్కడ ఇమడలేక కూతురి దగ్గరికి వెళ్లిపోదామనుకున్న ఒక పెద్దావిడను ఊహించుకోండి. మిగతా డబ్బు అడుగుతుంది. "దేవుడికి ఇచ్చింది వెనక్కి అడుగుతారా అమ్మా?" అనే ఒక్క మాటతో ఆవిడ నోరు మూతపడుతుంది. బిల్డరైతే నిలదీసేది, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేది. స్వామితోనో పాస్టరుగారితోనో ఎలా గొడవ పడుతుంది? అన్నిచోట్లా ఇలాగే జరుగుతోందని నేను అనడం లేదు. ఇలా జరగడానికి తలుపు బార్లా తెరిచి ఉందంటున్నాను. అడగాల్సిన ప్రశ్నే పాపమనిపించే చోట తలుపు ఎవరు మూస్తారు?

ఇక అసలు షరతు. చేరేటప్పుడు చాలాచోట్ల ఒక నిబంధన చెబుతారు: తమ పనులు తాము చేసుకోగలిగినవారికే ప్రవేశం. వినడానికి న్యాయంగానే ఉంటుంది, ఆయాలు దొరకడం నిజంగానే కష్టం. కానీ అరవై ఎనిమిదేళ్లకు చేరిన మనిషికి ఎనభై వచ్చేసరికి తుంటి ఎముక విరగవచ్చు, పక్షవాతం రావచ్చు, మతిమరుపు ముదిరి సొంత గది ఏదో తెలియకపోవచ్చు. అసలు ముసలితనం అప్పుడే మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే పిల్లలకు ఫోన్ వెళ్తుంది. "నాన్నగారికి బాగాలేదు, మా దగ్గర చూసుకోవడం కుదరదు, తీసుకెళ్లండి." ఏ రోజు కోసం అన్నేళ్లు డబ్బు కట్టారో ఆ రోజే బయటికి పంపించేస్తే దాన్ని ఆశ్రమం అనకూడదు, భజనలు ఉన్న లాడ్జి అనాలి.

మంచం పట్టినవాళ్లను చూడడం మతసంస్థల వల్ల కాదా? అవుతుంది. 1839లో ఫ్రాన్స్‌లో జీన్ జుగాన్ అనే సామాన్యురాలు చూపు పోయిన, పక్షవాతం వచ్చిన ఒక వృద్ధురాలిని ఇంటికి తెచ్చుకుని తన మంచం ఇచ్చింది. లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే సన్యాసినుల సంఘం అలా పుట్టింది. వాళ్ల వృద్ధాశ్రమం మన సికింద్రాబాద్‌లోనూ ఉంది. వాళ్లు మొదలుపెట్టిందే మంచం దగ్గర. మనవాళ్లు మందిరం దగ్గర మొదలుపెట్టి, లిఫ్టు దాకా వచ్చి, మంచం దగ్గర ఆగిపోతున్నారు.

దీనికి మందు కొత్త చట్టం కాదు, ఉన్న చట్టంలోనే ఉంది. పిల్లలకే వర్తిస్తుందనుకుని మనమే దాన్ని పక్కన పెట్టాం. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో సెక్షన్ 23 చదవండి. అరవై దాటిన వ్యక్తి తన కనీస అవసరాలు చూడాలన్న షరతు మీద ఆస్తి ఇచ్చాక, తీసుకున్నవాళ్లు ఆ పని చేయకపోతే, ఆ బదిలీ మోసంతోనో ఒత్తిడితోనో జరిగినట్టే లెక్క. ఇచ్చినవాళ్లు కోరితే ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయవచ్చు. తీసుకున్నది కొడుకో కూతురో అయి ఉండాలని అక్కడ ఎక్కడా లేదు. ఆస్తి అంటే ఇల్లూ పొలమే అని కూడా లేదు, చరాస్తి కూడా వస్తుంది. అంటే కావలిలో ఇల్లు అమ్మి ఆశ్రమానికి కట్టిన డబ్బు కూడా ఆస్తే అని వాదించడానికి పూర్తి ఆధారం ఉంది. ఆ ట్రిబ్యునల్ ఢిల్లీలో లేదు, ఆర్డీఓ దగ్గరే ఉంది. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ పట్టుకుని నిలబడగలిగిన మనిషికి అది అందనంత దూరం కాదు.

అడ్డు ఒక్కటే, షరతు ఉందని చూపించాలి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో, అలాంటి షరతు లేకుండా ఇచ్చిన ఆస్తికి సెక్షన్ 23 వర్తించదని తేల్చింది. 2025 జనవరిలో మరో కేసులో, ఈ చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలని చెప్పి ఒక తల్లికి ఆస్తి వెనక్కి ఇప్పించింది. అయితే ఆ తల్లిని చూసుకుంటానన్న హామీ అక్కడ కాగితం మీద ఉంది. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివితే మన ఆశ్రమాల్లో ఏం చేయాలో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. విరాళం అని రాసిన రశీదుతో వెళ్తే ఓడిపోతాం. అదే రశీదు మీద ఒక్క వాక్యం ఎక్కువ ఉంటే గెలిచే దారి ఉంది.

భక్తి ఉన్నచోట లెక్కలో తప్పు జరగదనుకునేవాళ్లు కాలిఫోర్నియాలో జరిగింది తెలుసుకోవాలి. మెథడిస్టు చర్చికి అనుబంధంగా నడిచిన పసిఫిక్ హోమ్స్ అనే సంస్థ, ఒకేసారి డబ్బు కట్టండి, బతికున్నన్నాళ్లు చూసుకుంటాం అని పెద్దవాళ్లను చేర్చుకుంది. వాళ్లు అంచనా కంటే ఎక్కువ కాలం బతికారు, ఖర్చులు పెరిగాయి. 1977లో సంస్థ దివాలా తీసింది. అందులో ఉన్న వృద్ధులు చర్చి మీదే కేసు వేశారు. మా మీద కేసు వేయడానికి వీల్లేదన్న చర్చి వాదన కోర్టులో నిలవలేదు, చివరికి రాజీకి రావాల్సి వచ్చింది. వాళ్ల చేతిలో ఒప్పందాలు ఉన్నాయి కాబట్టి అంతదూరం వెళ్లగలిగారు. మన పెద్దవాళ్ల చేతిలో ఏముంది? ప్రసాదం, ఒక క్యాలెండరు.

సేవ చేసేవాళ్లను ఇలా కాగితాలతో బెదరగొడితే ఉన్నవి కూడా మూతపడతాయని ఒక వాదన ఉంది. ఇన్‌స్పెక్టర్లు వస్తారు, మామూళ్లు మొదలవుతాయి, చిన్న ఆశ్రమం తట్టుకోలేదు అంటారు. అందులో నిజం లేకపోలేదు. వృద్ధాశ్రమాల రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాల కోసం 2019లో పార్లమెంటుకు వచ్చిన సవరణ బిల్లు ఆమోదం పొందకుండానే మురిగిపోయింది. నేను లైసెన్సు అడగడం లేదు, తనిఖీ అడగడం లేదు. తీసుకున్న డబ్బుకు ఇచ్చిన మాట రాయమంటున్నాను. మా స్వామి మాట తప్పరు అంటారా, తప్పకపోవచ్చు. కానీ స్వాములకూ వయసు వస్తుంది. సాక్షాత్తు గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన పల్లెపాడు సత్యాగ్రహ ఆశ్రమమే ఆ తరం వెళ్లిపోయాక చాలాకాలం ఆలనాపాలనా లేకుండా పడి ఉంది. వ్యవస్థాపకుడి మీద గౌరవంతో డబ్బు కడతాం, ఆయన తర్వాత ట్రస్టు చేతికి వచ్చే అల్లుడితో వేగాల్సి వస్తుంది.

అసలు దానానికి షరతులు పెట్టడం మన సంస్కృతి కాదని ఎవరు చెప్పారు? నెల్లూరు జిల్లా శాసనాలను 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. దానశాసనాలు ఎలా ఉంటాయో ఒకసారి చూడండి. తెలుగునేల మీద గుడిలో అఖండ దీపానికి దానం ఇచ్చినవాడు 'దేవుడికి సమర్పయామి' అని ఊరుకోలేదు. ఇన్ని గొర్రెలు లేదా ఇన్ని ఆవులు ఇచ్చాను, వాటిని మందలు కాసే ఫలానా బోయకు అప్పగించాను, అతడూ అతని సంతతీ రోజూ మానెడు నెయ్యి పోయాలి అని చెక్కించాడు. తప్పితే ఏ పాపం తగులుతుందో కూడా చెక్కించాడు. రాజులు, సామంతులు, వర్తకులు, ఊరి పెద్దలు అందరిదీ అదే పద్ధతి. దేవుడి మీద నమ్మకం లేక కాదు, మనుషుల సంగతి తెలుసు కనుక. ఇప్పుడు కూడా గుళ్లలో శాశ్వత అన్నదానానికి డబ్బు కడితే, ఏటా ఏ తేదీన ఎవరి పేరు మీద భోజనం పెడతారో రాసిన కాగితం అడిగి మరీ తీసుకుంటాం. ఏడాదికి ఒక పూట భోజనానికి కాగితం అడిగే మనం, ఇల్లు అమ్మిన డబ్బు మొత్తం కట్టేటప్పుడు అడగడానికి మొహమాటపడుతున్నాం! దానం ఇచ్చేవాడికి ఉండే ఈ జాగ్రత్త మన దగ్గర ఎప్పుడు పోయిందో చరిత్రకారులు చెప్పాలి. నా అనుమానం మాత్రం, గుళ్లూ మఠాలూ సత్రాల మాన్యాలను ఎవరు ఎలా ఆక్రమించారో చూసీచూడనట్టు ఊరుకున్న రోజుల్లోనే పోయింది.

డబ్బు కట్టలేనివాళ్ల సంగతి వేరు. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడుతో నడుం వంగిపోయి, పిల్లలు పనుల కోసం వలసపోగా ఇంట్లో మిగిలిన ముసలమ్మకు నెలకు 4,000 రూపాయల పింఛనే ఆధారం. ఆమెకు ఈ రశీదుల గొడవ లేదు. 2007 చట్టమే జిల్లాకు కనీసం ఒకటి, 150 మందికి తగ్గకుండా పట్టే నిరుపేదల వృద్ధాశ్రమం గురించి చెప్పింది. ఆ పని సర్కారుది, దాన్ని భక్తుల నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

డబ్బు కట్టేవాళ్ల రశీదులో మాత్రం ఈ ఒక్క వాక్యం ఉండాలి: "ఈ మొత్తాన్ని, ఇచ్చినవారికి జీవితాంతం, మంచం పట్టిన తర్వాత కూడా, వసతి, భోజనం, వైద్యం, సంరక్షణ అందించే షరతు మీద తీసుకున్నాం." కింద ట్రస్టు ముద్ర, ఇద్దరు ట్రస్టీల సంతకాలు. స్వామివారి ఆశీస్సులు వేరే కాగితం మీద ఇచ్చుకోవచ్చు. చేరబోయే ముందు మీ నాన్నగారి తరఫున ఇది అడగండి. రాసిస్తే సంతోషంగా చేర్పించండి. మొహం మాడ్చుకుంటే గది చూడకుండానే కారు తిప్పేయండి.