జెర్రిపోతును మెచ్చుకోండి, చంపడాన్ని కాదు

పల్లెలో వసంతం గురించిన మీ వ్యాసంలో మామిడి పూత, వేపచిగురు కళ్లకు కట్టాయి. కోయిల దగ్గర మాత్రం చిన్న సవరణ: వ్యాసంలో అన్నట్టు కూసేది ఆడకోయిల కాదు. స్వరం పెంచుకుంటూ ‘కుహూ’ అనేది నల్లటి మగపక్షి. ఆడది గోధుమ రంగులో, ఒంటినిండా తెల్లటి చుక్కలతో ఉంటుంది. కాకి గూట్లో గుడ్డు పెట్టేది అదే.

మాది నల్లమల అంచున ఉన్న ఊరు. శివరాత్రి నాటికి మా పెరటి వెనుక మోదుగ ఆకులన్నీ రాల్చి ఎర్రగా పూస్తుంది. పొద్దున్నే తేనెపిట్టలు, చిలుకలు, గోరింకలు ఆ చెట్టు మీదే ఉంటాయి. పూవులో తల దూర్చి బయటికి తీసిన గోరింక నుదుటి మీద పుప్పొడి పచ్చగా అంటుకుని ఉంటుంది. ఎంత సేపు చూసినా తనివి తీరదు.

నన్ను బాధపెట్టింది గడ్డివాము దగ్గర కనిపించిన జెర్రిపోతును కొట్టి చంపిన కుర్రాళ్లను వ్యాసంలో మెచ్చుకోవడం. దానికి విషం లేదు, పడగ లేదు. అది గడ్డివాము చుట్టూ తిరిగేది ఎలుకల కోసం. తాచుతో జత కడుతుందనేది ఉత్త అపోహ. పెనవేసుకుని పైకి లేచేవి చాలాసార్లు బలం తేల్చుకుంటున్న రెండు మగ జెర్రిపోతులే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది కూడా. ఏ పామో పోల్చుకోలేకపోతే దూరంగా జరిగి, అటవీశాఖకు ఫోను చేస్తే చాలు. దయచేసి ఆ మెచ్చుకోలు వాక్యాన్ని వ్యాసంలోంచి తీసేయండి.