బడి పెత్తనం బడికే

వేసవిలో ఒక సర్కారీ బడిలో నీళ్ల మోటారు కాలిపోయిందనుకుందాం. వైండింగ్ చేసే మనిషి వీధి చివరే ఉంటాడు. రెండు మూడు వేలతో పోయే పని. కానీ హెచ్‌ఎం ముందు లెక్క వేసుకునేది మోటారు గురించి కాదు. ఏ పద్దు కింద రాయాలి, అందులో లిమిట్ ఉందా, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారిని ముందే అడగాలా, పని అయ్యాక చెప్పాలా, రేపు ఆడిట్‌లో ఎవరు సమాధానం చెప్పుకోవాలి... ఇవన్నీ తేలేలోపు బడి మూసే వేళవుతుంది. అందుకే చాలామంది హెచ్‌ఎంలు జేబులోంచి ఇచ్చేసి ఊరుకుంటారు. వాళ్ల మంచితనాన్ని మెచ్చుకోవచ్చు గానీ, అదే పద్ధతిగా మారడం మాత్రం సిగ్గుపడాల్సిన విషయం.

విశాఖపట్నంలోని ప్రభుత్వ బడులకు, జిల్లా విద్యా యంత్రాంగం పరిధిలోనే ఉంచుతూ, స్వపరిపాలన ఇవ్వాలని మేం కోరుతున్నాం. ఇందుకు కొత్తగా కమిటీలు పుట్టించనక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998లోనే ప్రజా భాగస్వామ్య చట్టం తెచ్చి విద్యా కమిటీలు పెట్టారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఇంకో అడుగు వేసింది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం మీద సగం మంది మహిళలు ఉండాలని, బడి అభివృద్ధి ప్రణాళిక ఆ కమిటీయే తయారు చేయాలని చెప్పింది. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులు ఎన్నికవుతారు. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతా ఒకే రోజు ఈ ఎన్నికలు జరిగాయి. కొన్ని చోట్ల వార్డు ఎన్నికలను తలపించేంత హడావుడి నడిచింది. పదవీకాలం రెండేళ్లు. ఆ రెండేళ్లలో కమిటీ నిజంగా నిర్ణయించగలిగేది ఏమిటని చూస్తే, పైనుంచి వచ్చిన కాగితం మీద సంతకం పెట్టడమే ఎక్కువ.

డబ్బు సంగతే చూడండి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉమ్మడి పథకం సమగ్ర శిక్ష కింద, బడి రోజువారీ ఖర్చులకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంట్ పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. వంద నుంచి 250 మంది ఉన్న బడికి 50 వేల రూపాయలు. 240 మంది ఉన్న బడిలో లెక్కేస్తే ఒక్కో పిల్లాడికి ఏడాదికి 208 రూపాయలు. అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికే పెట్టాలి. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్నచిన్న రిపేర్లు అన్నీ మిగతా దాంట్లోనే. పోనీ ఆ కాస్తయినా చేతిలో ఉంటుందా అంటే, బడి ఖాతా జీరో బ్యాలెన్స్ ఖాతా. అందులో కనిపించేది డబ్బు కాదు, ఇంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చని పైనుంచి ఇచ్చిన లిమిట్. అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది వ్యవహారం.

కమిటీలకు చేతకాదు, డబ్బు ఇస్తే తినేస్తారు అనే మాట అధికారుల నోట తరచూ వస్తుంది. 2019 నవంబరులో మొదలైన, సర్కారీ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం ఇందుకు కొంత జవాబు చెప్పింది. మొదటి విడతలో 15,715 బడుల్లో పనులు జరిగాయి. కాంట్రాక్టర్లకు ఇవ్వకుండా తల్లిదండ్రుల కమిటీలతోనే చేయించారు. ఇసుక లారీ వస్తే దగ్గరుండి దించుకున్న తల్లులున్నారు. అన్ని చోట్లా సవ్యంగా జరిగిందని మేమనం, ఆరోపణలు వచ్చిన చోట్లూ ఉన్నాయి. కానీ గోడ కట్టించడానికి పనికొచ్చిన కమిటీ, ఆ గోడల మధ్య ఏం జరగాలో మాట్లాడటానికి పనికిరాదా?

విశాఖలో ఈ ప్రశ్న మరీ బలమైనది. ఇక్కడి బడులకు ఇద్దరు యజమానులు. మున్సిపల్ బడుల పర్యవేక్షణను 2022లో పాఠశాల విద్యాశాఖకు అప్పగించారు. స్థలాలు, భవనాలు మాత్రం కార్పొరేషన్‌వే. పైకప్పు కారితే ఒక ఆఫీసుకు, మాస్టారు రాకపోతే ఇంకో ఆఫీసుకు తిరగాలి. అదే ఏడాది జీఓ 117తో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు తరలించడం మొదలుపెట్టారు. అనేక ఊళ్లలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 2025లో ఆ జీఓను రద్దు చేసి మళ్లీ కొత్త వర్గీకరణ తెచ్చారు. ఈ రాకపోకల మధ్య మూడో తరగతి పిల్లలు ఎన్ని గేట్లు మారారో ఎవరూ లెక్కపెట్టలేదు. రెండుసార్లూ నిర్ణయం పైనే జరిగింది.

అమెరికాలోని బోస్టన్‌లో 1994లో నగర పాఠశాల యంత్రాంగమూ టీచర్ల సంఘమూ కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి. పైలట్ స్కూళ్ల పేరుతో కొన్ని బడులకు బడ్జెట్, సిబ్బంది, పాఠ్య ప్రణాళిక, పాలన, టైమ్‌టేబుల్ విషయాల్లో స్వేచ్ఛ ఇచ్చారు. ఆ బడులు ప్రైవేటు కాలేదు. జిల్లా పరిధిలోనే ఉన్నాయి, టీచర్లు సంఘంలోనే ఉన్నారు. షికాగో 1988 చట్టంతో ఇంకా ముందుకెళ్లి, తల్లిదండ్రులే ఎక్కువగా ఉండే స్థానిక మండళ్లకు ప్రిన్సిపాల్‌ను ఎంచుకునే అధికారమే ఇచ్చింది. న్యూజిలాండ్ అనుభవం మాత్రం చేదుది. 1989లో ప్రతి బడికీ సొంత బోర్డు పెట్టి వదిలేశారు. 2018లో వేసిన సమీక్ష బృందం చూస్తే బడుల మధ్య పోటీ పెరిగింది, పేదల పేటల్లోని బడులు నష్టపోయాయి. స్వేచ్ఛ ఇచ్చి చేతులు దులుపుకుంటే జరిగేది అదే. స్వపరిపాలన అనే మాట వినగానే ఖర్చు తప్పిందని ఆర్థిక శాఖ కళ్లు మెరిస్తే, ఆ పథకాన్ని అక్కడే ఆపేయడం మేలు.

కాబట్టి మేం అడిగేది హద్దులున్న స్వేచ్ఛ. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పరిధిలో ముందుకొచ్చే ఇరవై ముప్ఫై బడులతో మూడేళ్లపాటు మొదలుపెట్టవచ్చు. నియామకాలు, జీతాలు, సిలబస్, పరీక్షలు ప్రభుత్వం దగ్గరే ఉండాలి. ఏ పిల్లాడినీ చేర్చుకోనని చెప్పే అధికారం ఏ కమిటీకీ ఉండకూడదు. పద్దుల గొడవ లేని సొమ్ము జూన్‌లోనే బడి ఖాతాలో పడాలి. పేదల పేట బడికి ఎక్కువ పడాలి. టైమ్‌టేబుల్ బడి చేతిలో ఉండాలి. పెద్ద జాలరిపేటలో వేట నిషేధం జూన్ 14తో ముగిసి, బడులు తెరిచే రోజుల్లోనే బోట్లు కదులుతాయి; అక్కడి బడి వేళలు ఆ ఇళ్లకు తగ్గట్టు ఉండాలి. మల్కాపురం, గాజువాక వైపు ఒడిశా, బిహార్ నుంచి పనికొచ్చిన కుటుంబాల పిల్లలు తెలుగు రాక మొదటి బెంచీలోనే మూగగా కూర్చుంటారు. అక్కడ ఒడియా తెలిసిన ఒక చెల్లెమ్మను గౌరవ వేతనంపై పెట్టుకోవడానికి రాజధాని అనుమతి దేనికి?

హెచ్‌ఎంల సంగతి కాస్త చిక్కుది. 2025 బదిలీల చట్టం ప్రకారం ఐదేళ్లు నిండితే హెచ్‌ఎం కదలాల్సిందే. రాజకీయ సిఫార్సులను అరికట్టడానికి ఆ నియమం అవసరమే. అయితే ప్రయోగానికి ఎంచుకున్న బడుల్లో కమిటీ, హెచ్‌ఎం ఇద్దరూ కోరుకుంటే మరో మూడేళ్లు ఉండనిచ్చేలా సవరణ తేవాలి.

కమిటీలు కార్పొరేటర్ అనుచరుల చేతిలో పడతాయన్న భయం ఉత్తుత్తిది కాదు. దానికి మందు మన దగ్గరే ఉంది. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని దేశానికి చూపించిన రాష్ట్రం మనది. బడి ఖర్చునూ అలాగే నెలనెలా గోడ మీద రాయించి, ఏడాదికోసారి తల్లిదండ్రుల ముందు చదివించాలి.

ఇంకో చిన్న మాట. కమిటీ సమావేశాలు బడి వేళల్లో పెడతారు. చేపల గంప దించని తల్లి, ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్ట్‌కు తెల్లవారకముందే వెళ్లిన తండ్రి ఆ వేళకు రాలేరు. తర్వాతి ఎన్నికల నోటీసు ఇచ్చేటప్పుడైనా సమావేశం సాయంత్రం ఆరు తర్వాత, లేదా ఆదివారం అని రాస్తే ఎవరెవరు వస్తారో చూడొచ్చు.